చిట్టాకు కావలి

పూర్వము గ్రామములలోని వర్తకులు తమ అంగడి లెక్కలను రెండు పుస్తకములలో వ్రాసికొనెడివారు. ఏనాటి రాకపోకలను ఆనాడే, జరిగినవి జరిగినట్లు వరుసగా వ్రాయు పుస్తకమునకు చిట్టా యని పేరు. దానినుండి ఒక్కొక్కరి పద్దులను వేరుచేసి ఎత్తి వ్రాయు పుస్తకమునకు ఆవర్జా యని పేరు. చిట్టాలో ఒకసారి వ్రాసిన పద్దును చెరిపివేయుట గాని, రెండు పద్దుల నడుమ మరియొక దానిని ఇరికించుట గాని తగదు. క్రొత్త పద్దు ఎప్పుడును చివరనే చేరవలెను. ఈ నియమము వలననే చిట్టాపై జనులకు నమ్మకము కలిగెను. అయితే ఎంత చక్కగా వ్రాసినను, సాయంకాలము దీపము పెట్టిన పిమ్మట యజమాని దానిని చూచుకొననిచో ప్రయోజనము లేదు. చూడని చిట్టా చెవిటివాని ముందు ఊదిన శంఖము వంటిది.

ఇట్టి చిట్టాను నేడు కంప్యూటర్లును వ్రాయుచున్నవి. దానిని లాగ్ ఫైలు అందురు. అది గడియ గడియకును పెరుగుచుండును. దానిని రేయింబవళ్లు కనిపెట్టి చూచుటకు మనుష్యుడు ఒక చిన్న కావలివానిని కల్పించినాడు. ఆ కావలివానికి స్క్రిప్టు అని పేరు. ఆ కావలివాడు చేయు పని యెట్టిది? వానిని ఎంతవరకు నమ్మవచ్చును? ఈ రెండు విషయములును తెలిసికొనదగినవి.

లాగ్ అను ఆంగ్ల పదమునకు కొయ్యమొద్దు అని అర్థము. వెనుకటి కాలమున నావికులు ఓడ వేగము తెలిసికొనుటకు ఒక కొయ్యముక్కకు పొడవైన త్రాడు కట్టి సముద్రములోనికి విసరెడివారు. ఆ త్రాటికి సమానమైన దూరములలో ముడులు వేసి యుండెడివి. ఇసుక గడియారము ఖాళీయగు లోపల ఎన్ని ముడులు చేతిలోనుండి జారిపోయెనో లెక్కించి, దానిని బట్టి ఓడ వేగమును నిర్ణయించెడివారు. ఓడల వేగమును నేటికిని ముడి యను అర్థము గల ‘నాట్’ అను కొలతతోనే చెప్పుట ఇందువలననే. కొయ్యతో కొలిచిన ఆ వేగమును వ్రాసియుంచు పుస్తకమునకు లాగ్ బుక్ అను పేరు వచ్చెను. గాలి ఎటు వీచినది, ఓడ ఏ దిక్కునకు పోయినది, ఎవరికి జబ్బు చేసినది అను విషయములును క్రమముగా అందులో చేరెను. ఓడల నుండి ఈ పేరు విమానములకును, పిదప కంప్యూటర్లకును సంక్రమించెను.

కంప్యూటరు వ్రాయు చిట్టాలో ఒక్కొక్క పంక్తి ఒక్కొక్క సంఘటనను తెలుపును. సాధారణముగా పంక్తి మొదట తేదీయు, కాలమును ఉండును. తరువాత ఏ ప్రోగ్రాము ఆ మాట వ్రాసినదో దాని పేరు ఉండును. చివర జరిగిన సంగతి ఉండును. పరీక్షా ఫలితములను విద్యార్థులకు చూపు ఒక సర్వరును ఉదాహరణముగా గ్రహింపవచ్చును. సర్వరు అనగా ఇతర కంప్యూటర్లు అడిగినదానిని అందించు కంప్యూటరు. ‘ఉదయము 11 గంటల 2 నిమిషముల 5 సెకండ్లు, ఫలితముల ప్రోగ్రాము, ఒక సంఖ్యను అడిగిరి, ఇచ్చితిని’ అని అది ఒక పంక్తి వ్రాయును. మరుక్షణమే మరియొక పంక్తి. నడుమ ఎక్కడనో ‘డిస్కులో చోటు చాలలేదు, ఇవ్వలేకపోతిని’ అను పంక్తియు ఉండవచ్చును. ఆ యొక్క పంక్తియే ముఖ్యమైనది. దానిని సకాలమున చూచినచో పదిమంది విద్యార్థుల ఆందోళనతో పోవును. చూడనిచో వేలకొలది విద్యార్థులు తెరల ముందు కూర్చుండి, తమ ఫలితము ఏమైనదో తెలియక పరితపింపవలసి వచ్చును.

ఆ పంక్తిని మనుష్యుడే చదివి కనుగొనరాదా యని సందేహము కలుగవచ్చును. చిన్న లెక్క వేసి చూచిన ఆ సందేహము తీరును. సర్వరు సెకండునకు పది పంక్తులు మాత్రమే వ్రాయుచున్నదని అనుకొందము. దినమునకు 86,400 సెకండ్లు కనుక, ఒక దినములో 8,64,000 పంక్తులు చేరును. ఒక మనుష్యుడు నిద్రాహారములు మాని, సెకండునకు ఒక పంక్తి చొప్పున చదివినను, ఆ యొక్క దినపు చిట్టాను ముగించుటకు పది దినములు పట్టును. అతడు ముగించునప్పటికి మరి తొమ్మిది దినముల చిట్టా ఎదురుగా పేరుకొని యుండును. ఆ పరుగు పందెములో మనుష్యుడు ఎన్నటికిని గెలువలేడు. అందుచేత యంత్రము వ్రాసినదానిని యంత్రము చేతనే చదివింపవలసి వచ్చెను.

ఇందుకు కావలసిన పనిముట్లు యూనిక్స్ అను వ్యవస్థతో పాటు రూపొందినవి. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అను శాస్త్రజ్ఞులు 1969లో దీనికి అంకురార్పణ చేసిరి. ఒక్కొక్క పనిముట్టు ఒక్క పనిని మాత్రమే చేయవలెను, ఆ పనిని చక్కగా చేయవలెను అనునది ఆ వ్యవస్థలోని ముఖ్య సూత్రము. అందులో ‘టెయిల్’ అను పనిముట్టు ఫైలు చివరనున్న కొన్ని పంక్తులను చూపును. టెయిల్ అనగా తోక. చిట్టా చివరనే పెరుగును గనుక తోకను పట్టుకొన్నవానికి క్రొత్త సంగతులన్నియు తెలియును. ‘గ్రెప్’ అను పనిముట్టు జల్లెడ వంటిది. కోరిన మాట గల పంక్తులను మాత్రమే అది నిలిపి, తక్కినవానిని విడిచిపెట్టును. ఒక పనిముట్టు నుండి వెలువడినదానిని మరియొక దానికి గొట్టము ద్వారా పంపినట్లు పంపుటకు 1973లో ఏర్పాటు జరిగెను. ఇట్టి పనిముట్లను ఏ వరుసలో నడుపవలెనో తెలుపు ఆజ్ఞల పట్టికయే స్క్రిప్టు. నాటకములో పాత్రధారి వ్రాతప్రతిని అనుసరించినట్లు, కంప్యూటరు ఆ పట్టికను పంక్తి తరువాత పంక్తిగా అనుసరించును.

క్రొత్తగా నేర్చుకొనువాడు వ్రాయు కావలి స్క్రిప్టు సాధారణముగా ఇట్లుండును: నిమిషమున కొకసారి లేచి, చిట్టానంతయు మొదటినుండి చదివి, ‘చోటు చాలలేదు’ అను మాట కనబడినచో యజమానికి కబురు పంపవలెను. ఇది చూచుటకు సరిగానే యున్నది. కాని ఇందులో రెండు దోషములు కలవు. ఉదయము కనబడిన పంక్తి మధ్యాహ్నమునను అక్కడనే యుండును గనుక, ఒకే సంగతిని గురించి నిమిష నిమిషమునకు కబురు పోవుచునే యుండును. ఇది మొదటి దోషము. చిట్టా పెరిగినకొలది చదువుటకు పట్టు కాలమును పెరిగి, తుదకు కావలివాడే సర్వరునకు బరువగును. ఇది రెండవ దోషము.

ఈ రెండు దోషములకును మందు ఒక్కటే. చదువరి తాను ఆపిన చోట నెమలి ఈకను పెట్టుకొనునట్లు, స్క్రిప్టును తాను చదివిన చోటును గుర్తుంచుకొనవలెను. ఫైలు మొదటినుండి ఎన్ని బైట్ల దూరము చదివినదో ఆ సంఖ్యను వేరొక చిన్న ఫైలులో వ్రాసికొనవలెను. మరల లేచినపుడు మొదట చిట్టా పొడవు ఎంతయని అడుగవలెను. పొడవు గుర్తుంచుకొన్న సంఖ్యతో సమానమైనచో క్రొత్త సంగతి ఏదియు లేదు, మరల పరుండవచ్చును. పొడవు హెచ్చినచో, హెచ్చిన భాగమును మాత్రమే చదివి, జల్లెడ పట్టి, చెప్పదగినది చెప్పి, క్రొత్త సంఖ్యను వ్రాసికొనవలెను. చిట్టా ఎన్ని కోట్ల పంక్తులకు పెరిగినను, కావలివాని శ్రమ క్రొత్త పంక్తుల కొలదియే యుండును.

ఇందులో పని వరుసయు ముఖ్యమే. ముందు కబురు పంపి, పిదప గుర్తు వ్రాయవలెను. ముందుగా గుర్తు వ్రాసి, కబురు పంపుటకు లోపల విద్యుత్తు పోయినదనుకొందము. తిరిగి లేచిన స్క్రిప్టు ఆ భాగమును చదివితిననియే తలచి ముందునకు పోవును. ఆ కబురు ఎన్నటికిని చేరదు. వరుస సరిగా నున్నచో ఒకే కబురు రెండుసార్లు చేరవచ్చును గాని, చేరకపోవుట జరుగదు. ప్రమాదవార్త అసలే వినకుండుట కంటె రెండుసార్లు వినుట మేలు గదా!

మరియొక చిక్కు కలదు. స్క్రిప్టు చదువుచున్న క్షణముననే సర్వరు ఒక పంక్తిని సగము వ్రాసి యుండవచ్చును. సగము మాటను పట్టుకొని తొందరపడినవాడు పొరబడును. అందుచేత మంచి స్క్రిప్టు పంక్తి ముగింపు గుర్తు కనబడిన చోటు వరకు మాత్రమే చదివినట్లు లెక్కించును. తక్కిన తునకను తరువాతి పర్యాయమునకు విడిచిపెట్టును. ఎదుటివాడు మాట ముగించువరకు వినుట మనుష్యులకు మర్యాద. కావలి స్క్రిప్టునకు అది ఆవశ్యకము.

చిట్టా పెరుగుచుండునే గాని, దానిని పెట్టు డిస్కు పెరుగదు. కావున కొంతకాలమునకు నిండిన చిట్టా పేరు మార్చి ప్రక్కన పెట్టి, అదే పేరుతో క్రొత్త చిట్టాను తెరతురు. ప్రాతవానిని కొన్నాళ్లు భద్రపరచి పిదప తొలగింతురు. భారతదేశములో కంప్యూటర్ల భద్రతను చూచు ప్రభుత్వ సంస్థయగు సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశములలో, సంస్థలు తమ లాగులను 180 దినములు భద్రపరుపవలెనని విధించినది.

ఇట్లు పుస్తకము మారినపుడు తెలివిలేని కావలివాడు మోసపోవును. అతడు గుర్తుంచుకొన్న చోటు ఎనుబది లక్షల బైట్ల దూరమున నుండగా, క్రొత్త చిట్టా పొడవు రెండు వేలే యుండును. పొడవు పెరుగలేదుగదా యని అతడు నిశ్చింతగా పరుండును. ఇందుకై పొడవు తగ్గినదేమో కూడ చూడవలెను. తగ్గినచో క్రొత్త పుస్తకము మొదలైనదని గ్రహించి, ప్రాతదానిలో మిగిలిన పంక్తులను ముగించి, క్రొత్తదానిని మొదటినుండి చదువవలెను. యూనిక్స్ కుటుంబపు వ్యవస్థలలో ఫైలునకు పేరే గాక ఐనోడ్ అను సంఖ్యయు ఉండును. పేరు మార్చినను ఆ సంఖ్య మారదు. చదివిన చోటుతో పాటు ఈ సంఖ్యను కూడ గుర్తుంచుకొన్న స్క్రిప్టు, ఏది ప్రాత పుస్తకమో ఏది క్రొత్తదో తప్పక పోల్చుకొనగలదు.

పెరుగుచున్నదానికి హద్దు పెట్టనిచో ఏమి జరుగునో తెలుపు సంఘటన ఒకటి భూమిమీద గాక అంగారక గ్రహము మీద జరిగెను. అమెరికా దేశపు నాసా సంస్థ పంపిన ‘స్పిరిట్’ అను సంచార యంత్రము 2004 జనవరిలో ఆ గ్రహముపై దిగెను. మూడు వారములైనను గడువకముందే అది సరిగా బదులు పలుకుట మానెను. దాని ఫ్లాష్ జ్ఞాపకశాలలో ప్రయాణ కాలము నుండియు ఫైళ్లు పేరుకొని యుండెను. వానినన్నిటిని లెక్కకు తెచ్చుకొనుటకు చోటు చాలక, కంప్యూటరు ఆగుటయు, మరల మొదటినుండి లేచుటయు జరుగుచుండెను. ఇట్లు అరువదికి పైగా పర్యాయములు జరిగెను. భూమిమీది ఇంజనీర్లు ఆ జ్ఞాపకశాలను తాకకుండ లేవవలసినదిగా ఆజ్ఞ పంపి, పిదప అక్కరలేని ఫైళ్లను తొలగించి దానిని బ్రతికించిరి. తరువాత అది 2010 వరకు పని చేసెను. కోట్ల మైళ్ల దూరము పోయిన యంత్రమును ఆపినది బండరాయి కాదు. తీసివేయక విడిచిన ఫైళ్లు.

ఇక కబురు ఎప్పుడు పంపవలెనను ప్రశ్న మిగిలియున్నది. ఎవరో ఒకరు పాస్‌వర్డును ఒకసారి తప్పుగా కొట్టినంత మాత్రమున అర్ధరాత్రి యజమానిని లేపరాదు. ఒకే చోటునుండి ఐదు నిమిషములలో నూరుసార్లు తప్పు పడినచో లేపకుండరాదు. గోదావరికి వరద వచ్చినపుడు పాటించు పద్ధతియు ఇట్టిదే. భద్రాచలమువద్ద నీరు 43 అడుగులు చేరినపుడు మొదటి హెచ్చరికను, 48 అడుగులు చేరినపుడు రెండవదానిని, 53 అడుగులు చేరినపుడు మూడవదానిని ప్రకటింతురు. అంగుళము పెరిగినప్పుడెల్ల దండోరా వేసినచో జనులు వినుట మానివేయుదురు. ‘నాన్నా, పులి’ యని ఊరకే కేకలు వేసిన పిల్లవాని కథ తెలియనివారుండరు. నిజముగా పులి వచ్చిననాడు వాని కేక ఎవరును వినలేదు. కబుర్లు మితిమీరి పంపు స్క్రిప్టునకును అదే గతి పట్టును.

మితిమీరి అరచుట ఒక దోషమైనచో, మౌనముగా చచ్చియుండుట మరియొక దోషము. కబురు రాకపోయినచో అంతయు క్షేమమని అర్థమా? కావలివాడే పడిపోయి యుండవచ్చునే! పూర్వము రాత్రివేళ కోటలలో గస్తీ తిరుగువారు జాము జామునకు ‘పారా హుషార్’ అని కేక వేసెడివారు. దొంగ వచ్చినాడని చెప్పుటకు కాదు. తాము మేలుకొని యున్నామని చెప్పుటకు. ఆ కేక వినబడని జామున లోపలివారు ఉలికిపడి లేచెడివారు. మంచి స్క్రిప్టును ఇట్లే నియమిత కాలమున ‘మేలుకొని యున్నాను’ అని మరియొక కంప్యూటరునకు తెలుపుచుండవలెను. అట్లే ఎప్పుడును పెరుగు చిట్టా హఠాత్తుగా పెరుగుట మానినచో, దానిని కూడ ఒక అపాయ చిహ్నముగా గ్రహింపవలెను.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను ఒక లోపము మిగులును. స్క్రిప్టు తనకు చెప్పినదానిని మాత్రమే వెదకును. చెప్పనిది కండ్ల ఎదుట నున్నను దానికి కనబడదు. ఈ సంగతిని లోకమునకు చాటిన వృత్తాంతము 1986లో అమెరికాలో జరిగెను.

కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో క్లిఫర్డ్ స్టోల్ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు ఉండెను. ఖగోళ పరిశోధనకు ధనము ముగియుటచే అతనిని అక్కడి కంప్యూటరు కేంద్రమునకు మార్చిరి. ఆ రోజులలో కంప్యూటరును వాడుకొన్న కాలమునకు వెల కట్టెడివారు. ఆ లెక్కలలో 75 సెంట్లు తేడా వచ్చినది. డాలరులో నూరవ వంతు సెంటు. అనగా తేడా ఒక డాలరైనను కాదు. కారణము కనుగొనుమని పెద్దలు క్రొత్తవాడైన స్టోల్‌కు అప్పగించిరి. ఇంత స్వల్పమునకు ఎవరైనను చేతిలోని చిల్లర వేసి లెక్క సరిచేసి యుండెడివారు. స్టోల్ అట్లు చేయలేదు. చిట్టాలను తిరుగవేసి చూడగా, వెల చెల్లింపనివాడెవడో తొమ్మిది సెకండ్ల కాలము కంప్యూటరును వాడుకొనినట్లు తేలెను.

ఆ ప్రవేశించినవాడు కంప్యూటరుపై సర్వాధికారమును సంపాదించుకొని యుండెను. అట్టివాడు చిట్టాను కూడ దిద్దగలడు. కంచెయే చేను మేసినచో కావలి యేమి చేయును? స్టోల్ దీనిని ఊహించి, బయటినుండి టెలిఫోను ద్వారా వచ్చు ఏబది తీగలకు, ఒక వారాంతమున, తోడివారి బల్లలపై నుండి తెచ్చిన ప్రింటర్లను తగిలించెను. దొంగ కంప్యూటరులోని మాటను చెరుపగలడు గాని, వేరొకచోట కాగితముపై పడిన అచ్చును చెరుపలేడు. చిట్టా యొక్క ప్రతిని వేరొక కంప్యూటరునకు అప్పటికప్పుడు పంపవలెనని నేటి నిపుణులు చెప్పుటకు కారణమిదియే. పిమ్మట స్టోల్ ఆ దొంగ ప్రవేశించిన వెంటనే తన జేబులోని పేజరు మ్రోగునట్లు ఏర్పాటు చేసికొనెను. కావలి స్క్రిప్టు చేయు పని ఇదియే.

వెదకులాట నెలల తరబడి సాగెను. దొంగను ఎక్కువసేపు తీగపై నిలిపినగాని వాని ఇల్లు కనుగొనుట సాధ్యము కాదు. అందుకై స్టోల్ రక్షణ రహస్యముల వలె కనబడు బూటకపు పత్రములను కల్పించి వానికి ఎరగా పెట్టెను. తుదకు జాడ పశ్చిమ జర్మనీలోని హానోవర్ నగరమునకు చేరెను. అక్కడి యువకుడొకడు సుమారు 450 కంప్యూటర్లను తట్టి చూచి, ముప్పదికి పైగా కంప్యూటర్లలో ప్రవేశింపగలిగెను. వాడును, వాని సహచరులును తాము దొంగిలించిన సమాచారమును సోవియట్ గూఢచారులకు అమ్మిరని తేలి, 1990లో న్యాయస్థానము వారికి శిక్ష విధించెను. అయితే ఆ శిక్షను అమలుపరుపక నిలిపియుంచెను. ఈ వృత్తాంతమును స్టోల్ 1989లో ‘ది కకూస్ ఎగ్’ అను గ్రంథముగా ప్రకటించెను. కోకిల కాకి గూటిలో గుడ్డు పెట్టి కాకి చేతనే పొదిగించునట్లు, ఆ దొంగ తన ప్రోగ్రామును కంప్యూటరు గూటిలో పెట్టి దానిచేతనే నడిపించెను గనుక ఆ పేరు తగియున్నది.

ఆ దినమున అక్కడ ఎంత గొప్ప స్క్రిప్టు కావలి యున్నను, 75 సెంట్ల తేడాను చూచి భయపడుమని దానికెవరును చెప్పి యుండరు. లెక్క సరిపోలేదన్న సంగతిని అది తెలుపవచ్చును. ఎందుకు సరిపోలేదని అడుగుట మాత్రము మనుష్యుని వంతు. ఎనిమిది లక్షల పంక్తులను జల్లించి ఎనిమిదింటిని ముందుంచుట యంత్రము పని. ఆ యెనిమిదింటిని శ్రద్ధతో చదువుట, వెదకవలసిన మాటల పట్టికకు నిన్న తెలియని క్రొత్త మాటను నేడు చేర్చుట యజమాని పని. యంత్రము నిదురపోదు గనుక యజమాని సుఖముగా నిదురపోవచ్చును. అయితే తెల్లవారగనే లేచి, వెనుకటి వర్తకుని వలె, ఒకసారి చిట్టా తెరచి చూచుట మాత్రము మరువరాదు.